సంచి కట్టిన కంకులు

విత్తనాల కంపెనీలో ఉద్యోగమంటే రైతుకి సేవ చేయడమేనని ఇంటర్వ్యూలో చెబుతారు. నాకూ చెప్పారు, నమ్మాను. అగ్రికల్చర్ డిప్లొమాలు చేతపట్టుకుని ఇదే ఉద్యోగానికి వెళ్తున్న మీరూ నమ్ముతారు. నమ్మండి, కొన్నాళ్ళయినా నమ్మకపోతే ఆ ఎండలో తిరగలేరు. రిటైరై ఇంట్లో కూర్చున్నా నాకు నోట్లో చేదు పోని సంగతి ఒకటుంది. అది చెబుదామని ఈ కాగితాలు ముందేసుకున్నాను. ఇందులో నీతి ఏమన్నా ఉంటే మీరే ఏరుకోండి, నాకు ఆ ఓపిక లేదు.

నేను చేసింది మొక్కజొన్న విత్తనోత్పత్తిలో ఫీల్డ్ ఆఫీసరు పని. నందిగామలో ఆఫీసు, జగ్గయ్యపేట చుట్టుపక్కల ఊళ్ళలో చేలు. బండి మీద తిరిగి తిరిగి నడుం పోగొట్టుకున్నాను. మా పని గురించి రెండు ముక్కలు చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. మొక్కజొన్న మొక్కకి నెత్తిన మగపూత ఉంటుంది, నడుములో కంకి ఉంటుంది. నెత్తి మీంచి రాలే పుప్పొడి కంకి పీచు మీద పడితే గింజ కడుతుంది. మేం చేలో కొన్ని సాళ్ళు ఆడవి, కొన్ని సాళ్ళు మగవి వేయిస్తాం. ఆడ సాళ్ళలో మొక్కల నెత్తిన పూత విచ్చుకోకముందే లాగి పారేయిస్తాం. అప్పుడు ఆ కంకుల మీద పడేది మగ సాళ్ళ పుప్పొడి మాత్రమే. అలా కట్టిన గింజనే హైబ్రిడ్ విత్తనమని సంచుల్లో పోసి అమ్ముతారు. దాని పంటలోంచి గింజ దాచుకుని మళ్ళీ వేస్తే మొదటిసారి పండినట్టు పండదు, కాబట్టి రైతు ఏటా కొనాల్సిందే. వ్యాపారమంతా ఆ ఒక్క కిటుకులోనే ఉంది.

ఈ పనిలో అందరికీ భయం గాలంటేనే. పక్క చేలో ఎవరన్నా వేరే మొక్కజొన్న వేస్తే దాని పుప్పొడి కొట్టుకొచ్చి మా ఆడ సాళ్ళ మీద పడుతుంది. అప్పుడు విత్తనం కల్తీ. అందుకని మా చేల చుట్టూ చాలా దూరం వరకూ మరో మొక్కజొన్న మొక్క కనపడకూడదని నిబంధన. కనపడితే చేను మొత్తం రిజెక్టు.

మొక్కజొన్న మనది కాదు. వేల ఏళ్ళ కింద అమెరికా ఖండంలో ఎవరో ఒక గడ్డిజాతి మొక్కని పట్టుకుని, మంచి కంకి ఏరి దాచి, మళ్ళీ నాటి, మళ్ళీ ఏరి, తరాల తరబడి చేసిన పంట అది. ఓడలెక్కి ఇక్కడికి వచ్చింది. దాని తమాషా ఏమిటంటే, కంకిని పొట్టు ఒలిచి, గింజ వలిచి, మనిషి నాటితే తప్ప అది తనంతట తాను బతకలేదు. చేలో వదిలేస్తే కంకి పడిన చోటే కుళ్ళిపోతుంది. కాలేజీలో ఈ సంగతి చదువుకున్నప్పుడు పరీక్షకి పనికొచ్చే ముక్క అనుకున్నానంతే.

నా చిన్నప్పుడు మా మెట్ట ఊళ్ళలో తిండి అంటే జొన్న. జొన్న రొట్టె, జొన్న సంగటి, గేదెకి చొప్ప. మొక్కజొన్నంటే వానాకాలంలో దొడ్లో వేసుకునే నాలుగు మొక్కలు, పిల్లలు నిప్పుల మీద కాల్చుకు తినడానికి. తర్వాత సాగర్ కాలువ నీళ్ళొచ్చాయి, బోర్లొచ్చాయి, కోళ్ళ ఫారాలొచ్చాయి. కోళ్ళకి మేత కావాలి. మా కళ్ళముందే జొన్న చేలు పోయి మొక్కజొన్న చేలయ్యాయి. లారీలకి లారీలు పండిస్తున్నాం గానీ పండించిన ఊళ్ళో ఒక్క ఇంట్లో దాన్ని వండుకోరు. ఇంట్లో ఆడవాళ్ళు ఏరి, బూడిద కలిపి, కుండలో దాచిన విత్తనం పోయి, రంగు మందు పూసిన విత్తనం షాపులోంచి వచ్చింది. దాంతో పాటే విత్తనం గురించి ఇంట్లో ఆడమనిషి మాట చెల్లడం కూడా పోయింది. ఆ మార్పు తెచ్చిన వాళ్ళలో నేనూ ఒక జీతగాణ్ణి.

జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వెళ్ళే దారిలో ఒక ఊరు మాకు బాగా కుదిరింది. సిమెంటు లారీల దుమ్ము తప్పితే వంక పెట్టడానికి లేదు. నీళ్ళున్నాయి, ఊరి రైతులు దాదాపు అందరూ ఒప్పందానికి వచ్చారు. ఎక్కువమంది కౌలు వాళ్ళే. పత్తిలో, మిర్చిలో దెబ్బ తిని ఉన్నారు. విత్తనపు పంటకి కంపెనీ ముందే ధర చెబుతుంది గనక ప్రాణం లేచొచ్చినట్టు పట్టుకున్నారు. పూత లాగే ముఠా దగ్గర్లోని పల్లె నుంచి వచ్చేది. వాళ్ళ మేస్త్రి ఒక క్రైస్తవ ఆడమనిషి. ఆదివారం చర్చి అయ్యేదాకా చేలో అడుగు పెట్టేది కాదు, పెట్టాక పొద్దుగూకే దాకా నిలబడేది. ఆ ఉద్యోగంలో నేను మనస్ఫూర్తిగా నా తోటి ఉద్యోగి అనుకున్నది ఆమెనొక్కదాన్నే.

పూతకి ముందు ఒకరోజు ఆమే వచ్చి చెప్పింది. "సార్, ఊరి చివర తురకల ఇళ్ళ వెనకాల దొడ్లో మొక్కజొన్న ఉందండి. మనది కాదు. చూస్తారా?"

వెళ్ళాను. చిన్న దొడ్డి, కంచెకి ఆనుకుని ఆ పొడుగునా నాలుగు సాళ్ళు. మొక్క పొట్టి, ఆకు సన్నం. ఇంటావిడ వితంతువు, నాకన్నా పెద్దది. తిరునాళ్ళలో పేలాలు అమ్ముకుని బతుకుతుంది. వేదాద్రి తిరునాళ్ళకి గుడి దారిలో పొయ్యి పెట్టి, మంగలంలో ఇసక కాచి, అందులో గింజ పోసి కలబెడితే తెల్లగా విచ్చేవి. నేను చిన్నప్పుడు మా అమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళి తిన్నది ఆవిడ అత్తగారు వేయించిన పేలాలే అయ్యుండాలి. నరసింహస్వామి భక్తులు ఇంటికి పట్టుకెళ్ళి బెల్లం పాకంలో ఉండలు చుట్టుకునేవాళ్ళు.

"మా అత్త చేతి విత్తనం సారూ," అంది. "ఆమెకి ఆమె అత్త ఇచ్చిందంట. పోయేటప్పుడు నాకిచ్చిన ఆస్తి ఇదొక్కటే."

వంటింట్లో పొయ్యి పైన దూలానికి జడల్లే అల్లిన పొట్టు మాత్రం వేలాడుతోంది. ప్రతి ఏడూ మంచి కంకులు ఏరి అక్కడ పొగకి కట్టి, మిగతాది వేయించి అమ్మేస్తుంది. కట్టిన కంకుల్ని వానలు పోయాక నాటేస్తుంది. అంటే ఆ విత్తనం ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది, పొయ్యి మీదన్నా దొడ్లోనన్నా. ఇప్పుడు మొత్తం దొడ్లో ఉంది.

కంచె దాకా వెళ్ళి అవతలికి చూశాను. దొడ్డికీ మా మగ సాళ్ళకీ మధ్య ఒక బాట, ఒక పశువుల పాక, అంతే.

మేనేజరుకి చెప్పాను. చెప్పకుండా ఉంటే పై తనిఖీలో దొరికి ఊరు మొత్తం రిజెక్టయ్యేది. ఆయన ఆ సాయంత్రమే జీపులో దిగాడు. పాల కేంద్రం అరుగు మీద రైతులందరూ చేరారు. ఆవిడ మరిది కూడా వాళ్ళలో ఉన్నాడు, కౌలుకి తీసుకుని మా విత్తనం వేసినవాడు. అతనే ముందు నోరు విప్పాడు.

"వదినా, నాలుగు సాళ్ళ కోసం ఊరందరి నోట్లో మన్ను కొడతావా? పీకెయ్యి. కావాలంటే కొట్లో గింజలు నేను కొనిస్తా."

"కొట్లో గింజ పేలదు," అందావిడ.

"మా పంటలు పోతే ఎవరిస్తారమ్మా?" అని ఇంకొకడు. "నీ పేలాలిస్తాయా?"

వాళ్ళని తప్పు పట్టలేను. అప్పటికి పంట నడుం దాటి ఎదిగింది, పెట్టుబడి మొత్తం నేలలో ఉంది. కానీ నిన్నటిదాకా ఆవిడ పేలాలు తిన్న ఊరు ఒక్క సాయంత్రంలో ఆవిడని పురుగుని చూసినట్టు చూసింది. మొక్కజొన్న సమాజాన్ని ఎలా మార్చిందో పుస్తకాల్లో రాస్తారు. నేను పాల కేంద్రం అరుగు మీద చూశాను.

మేనేజరు తెలివైనవాడు. అరవలేదు. "మొక్కలు పీకక్కర్లేదమ్మా," అన్నాడు. "నెత్తి మీది పూత లాగేస్తే చాలు. మీ కంకులు మీకే ఉంటాయి. మా చేలు మాకుంటాయి." జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ కూడా తలూపింది.

జీపు దగ్గర ఆయన్ని ఆపాను. "సార్, ఆవిడ మొక్కలకి సొంత పూత లేకపోతే వాటి మీద పడేది మన మగ సాళ్ళ పుప్పొడి. ఆ గింజ ఇక ఆవిడ గింజ కాదు."

"అయితే?"

"ఆ విత్తనం పోతుంది సార్."

"గింజ కడుతుందిగా. కిలోలు తగ్గవుగా. మరి ఆవిడకి నష్టం ఏంటయ్యా?" అని నిజంగానే అర్థం కానట్టు చూశాడు. ఆ చూపు నాకింకా గుర్తుంది. ఆవిడ పుప్పొడి మా చేలోకి వస్తే దాని పేరు కల్తీ, దానికి నిబంధన ఉంది, తనిఖీ ఉంది, శిక్ష ఉంది. మా పుప్పొడి ఆవిడ దొడ్లోకి వెళ్తే దానికి మా ఉద్యోగంలో పేరే లేదు. పొద్దున లేస్తే పుప్పొడి గురించే మాట్లాడుకునే మా ఆఫీసులో ఒక్కడికీ ఆ రెండో సంగతి తట్టలేదు.

నాకు కోపం ఎక్కువ. కోపం వస్తే పని చేస్తాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ ఇంటికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. గట్టు మీద కూలబడిపోయింది. "మరి నాకు విత్తనం ఎట్టా సారూ? ఇది పోతే ఇంకెక్కడా లేదే."

"కొన్ని కంకులు కాపాడతా," అన్నాను.

ఎలాగో కూడా చెబుతాను, మీకు పనికొస్తుంది. కొత్త రకాలు తయారుచేసేచోట బటర్ పేపరు సంచులు వాడతారు. పీచు బయటికి రాకముందే కంకికి సంచి తొడుగుతారు, పూతకి వేరే సంచి కడతారు. పూత సంచిలో రాలిన పుప్పొడిని చేత్తో తెచ్చి పీచు మీద దులిపి, మళ్ళీ సంచి మూసేస్తారు. గాలి ఏం తెచ్చినా లోపలికి పోదు, లోపలిది బయటికి రాదు. నేను ఆఫీసు నుంచి సంచులు తెచ్చాను. మేస్త్రమ్మా నేనూ మంచి మొక్కలు ఎంచి సంచులు కట్టాం. మిగతా మొక్కల పూత ముఠా వచ్చి లాగేసింది. ఎండెక్కకముందే వెళ్ళి పుప్పొడి మార్చడం ఆ వారమంతా మా పని. ఇంటావిడ వెనకాలే నిలబడి, ఏ మొక్క పూత ఏ మొక్కకి వేయాలో తనే చెప్పేది, సంబంధాలు కుదిర్చినంత శ్రద్ధగా. మేస్త్రమ్మ నవ్వేది. "సార్, మన ఆడ సాళ్ళకి ఇంత మర్యాద ఎప్పుడన్నా చేసామా?"

నా ముప్పై చిల్లర ఏళ్ళ నౌకరీలో నేను సంతోషంగా పని చేసిన వారం అదొక్కటే. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

ఈలోపు హైదరాబాద్ నుంచి మా బ్రీడరు చేలు చూడటానికి వచ్చాడు. బ్రీడరంటే కొత్త రకాలు తయారుచేసే శాస్త్రవేత్త. పెద్ద చదువు, మెత్తటి మాట. బాట మీంచి దొడ్లో సంచులు కనపడి ఆగాడు. సంగతంతా చెప్పాను. లోపలికొచ్చి ఒక మొక్క నిమిరాడు, గింజ ఎలా ఉంటుందని ఆవిడని అడిగాడు. ఆవిడ డబ్బాలో మిగిలిన ఆఖరి గుప్పెడు పేలాలు తీసి చేతిలో పోసింది. తిన్నాడు. "అద్భుతం," అన్నాడు. నా భుజం తట్టి, "మంచి పని చేసారు మీరు," అన్నాడు. పొంగిపోయాను. చదువుకున్నవాడికి విలువ తెలిసిందనుకున్నాను.

పంట ఎండింది. సంచి కంకులు పూర్తిగా ఎండాకే కోయమని ఆవిడకి చెప్పి ఉంచాను. అంతలో నందిగామలో కంపెనీ రైతుల సమావేశం పెట్టింది. కల్యాణ మండపం, షామియానా, బిర్యానీ. అన్ని ఊళ్ళ రైతులూ వచ్చారు. వేదిక మీద మేనేజరూ బ్రీడరూ కూర్చున్నారు. నన్ను పైకి పిలిచారు. ఎందుకో తెలియక వెళ్ళాను.

"ఈ ప్రాంతంలో అంతరించిపోతున్న ఒక అరుదైన నాటు పేలాల రకాన్ని మన ఫీల్డ్ ఆఫీసరుగారు కంపెనీ కోసం సేకరించారు," అని మేనేజరు మైకులో చెప్పాడు. "ఆ మెటీరియల్ ఈ ఉదయమే సురక్షితంగా హైదరాబాద్ బయల్దేరింది." నాకు శాలువా కప్పారు. రైతులు చప్పట్లు కొట్టారు, ఆవిడ మరిది కూడా.

సేకరించడమేంటి, ఎవరు సేకరించారు? శాలువా మెడలో ఉంటే నోరు పెగలదు, అనుభవించి చెబుతున్నాను. దిగి బండి తీసి నేరుగా ఆ ఊరికి పోయాను.

ఆవిడ పంచలో కూర్చుని మిగతా కంకులు ఒలుస్తోంది, అదే, పూత లాగేసిన మొక్కలవి. చేతిలో కంకి నాకు చూపించింది. ఏ కంకి చూసినా పసుపు గింజలే. ఆవిడ దొడ్లో ఎన్నడూ పండని పసుపు. మొక్క ఆవిడది, మన్ను ఆవిడది, గింజ మాది.

"ఇవి మావి కావు సారూ," అంది. "రెండు గుప్పెళ్ళు మంగలంలో పోసి చూసా. మాడిపోయాయి గానీ పేలలా. పోనీలే, సంచి కంకులున్నాయిగా అనుకున్నా. అవి మాత్రం తెల్లగా వచ్చాయి, పొద్దున జీపులో వాళ్ళు సంచి విప్పినప్పుడు చూసా." అప్పటిదాకా ఆవిడ మొహంలో దిగులు లేదు. "మీ దగ్గరికి భద్రంగా చేరాయా?"

"అన్నీ ఎందుకిచ్చారమ్మా?" అని అరిచాను. ఎవరి మీద అరుస్తున్నానో నాకే తెలియలేదు.

ఆవిడ బెదిరిపోయింది. "మీరే తెమ్మన్నారని చెప్పారు సారూ. ఆరబెట్టి, మందు కలిపి మళ్ళీ పంపిస్తారన్నారు. మీ పేరు చెప్పకపోతే నేనెందుకిస్తా?"

"తెచ్చిస్తానమ్మా," అన్నాను. అప్పుడు నిజంగానే అనుకున్నాను, తెస్తానని.

మేనేజరుని అడిగితే, "సంచులెవరివి? కంపెనీవి. పని చేసింది ఎవరు? కంపెనీ జీతగాడు. మరి మెటీరియల్ ఎవరిదవుతుంది?" అన్నాడు. అంటే నేను కాపాడటానికి కట్టిన సంచే దాన్ని కంపెనీ సొత్తు చేసిందన్నమాట. బ్రీడరుకి ఫోన్ చేశాను. కోపగించుకోలేదు, ఎప్పటిలాగే మెత్తగా మాట్లాడాడు. కోల్డ్ స్టోరేజీలో చాలా జాగ్రత్తగా పెట్టామన్నాడు. పల్లెటూళ్ళో అయితే ఈపాటికి ఎలుకలు తినేసేవి కదా అన్నాడు. "గుప్పెడు గింజలు వెనక్కిప్పించండి సార్, చాలు," అన్నాను. "బయటికివ్వడం మా పాలసీ కాదండి. మీకు తెలియందేముంది," అన్నాడు. మళ్ళీ మళ్ళీ చేశాను. కొన్నాళ్ళకి ఎత్తడం మానేశాడు.

ఉద్యోగం మానెయ్యలేదా అని అడుగుతారు. లేదు. ఇంట్లో నలుగురు తినాలి. మేస్త్రమ్మ మాత్రం ఆ సీజన్ తర్వాత మా చేలకి రాలేదు. కబురు పంపితే, "ఆ సంచులు కట్టిన చెయ్యి నాది కూడా కదా సార్" అని చెప్పి పంపింది.

రెండు మూడేళ్ళకి కంపెనీకి ఆ ఊరు చేదైంది. వేరే జిల్లాలో కూలి చవకని విత్తనోత్పత్తి అటు మార్చేసింది. ఊరి రైతులు మళ్ళీ మిర్చికీ పత్తికీ పోయారు. ఎవరి పంట కోసం ఆవిడ దొడ్డి మీద పంచాయితీ పెట్టారో ఆ పంటే ఊళ్ళో లేదు. ఇప్పుడు ఆవిడ ఎవరికీ భయపడకుండా తన మొక్కజొన్న వేసుకోవచ్చు. గాలి వల్ల చెడుతుందన్న బెంగ కూడా లేదు. విత్తనమే లేదు. అది హైదరాబాద్‌లో చలిగదిలో డబ్బా మీద నంబరు వేయించుకుని ఉంది. మనిషి నాటితే తప్ప బతకదని చెప్పానే, దాన్ని అక్కడ ఎవరూ నాటరు. ఎప్పటికన్నా అవసరమైతే దాంట్లోంచి ఒక లక్షణం తీసుకుని పసుపు రంగు సంచిలో మీకే అమ్ముతారు.

రిటైరైన తర్వాత వేదాద్రి తిరునాళ్ళకి వెళ్ళాను. ఆవిడ గుడి దారిలో అదే చోట కూర్చుంది. మంగలం లేదు, గ్యాసు పొయ్యీ, మూతున్న గిన్నే, నూనే. విజయవాడ నుంచి ప్యాకెట్లలో తెప్పించే పసుపు గింజ. పెద్దగా పేలుతుంది, నోట్లో వేసుకుంటే దూది. డబ్బు తీసుకోకుండా పొట్లం చేతిలో పెట్టింది. రమ్మంటే ఇంటికెళ్ళాను.

దొడ్డి మొత్తం కూరగాయలు వేసుకుంది. వంగ, బెండ, గోంగూర. కంచెకి ఆనుకుని నాలుగు సాళ్ళ మేర మాత్రం ఖాళీగా ఉంది. గుల్లగా తవ్వి, పెంట తోలి, సాళ్ళు తీసి ఉంది.

"అక్కడేం వెయ్యలేదేంటమ్మా?" అన్నాను.

"ప్రతి ఏడూ అంతే సారూ," అంది. "మీరు తెస్తానన్నారు కదా. తెచ్చేసరికి నేల సిద్ధంగా లేకపోతే ఎట్టా?"

అని నా చేతుల వంక చూసింది. నా చేతిలో ఆవిడిచ్చిన పేలాల పొట్లమే ఉంది.